చిటికెన వేలంత సముద్రం

మా అత్తయ్య సముద్రాన్ని వేళ్లతో కొలుస్తుంది. గది మధ్యలో మంచానికి ఆనుకుని నిలబడి, కుడిచెయ్యి బారుగా చాచి, అరచెయ్యి నిలువుగా పెట్టి, ఎడమకన్ను మూస్తుంది. కిటికీలో కనిపించే నీళ్లని కప్పడానికి ఎన్ని వేళ్లు కావాలో ఆ గది అన్ని వేళ్ల గది. మా లాడ్జిలో గదులకి నంబర్లున్నాయి గానీ వాటిని ఎవరూ వాడరు. ‘మూడు వేళ్ల గదిలో దుప్పటి మార్చావా’, ‘రెండు వేళ్లాయన టీ అడుగుతున్నాడు’, ఇలాగే మాట్లాడుకుంటాం. కొత్తగా దిగినవాళ్లు ఈ మాటలు విని మా ఇంటిల్లిపాదికీ ఏదో తేడా ఉందనుకుంటారు. వాళ్ల తప్పేం లేదు.

ప్రతి గది తలుపుకీ ఒక చిన్న చెక్క పలక ఉంటుంది. దాని మీద ఎన్ని వేళ్లో తెల్లరంగుతో రాసి ఉంటుంది. వెనకవైపు గదుల పలకల మీద ‘సముద్రం లేదు’ అని రాసి ఉంటుంది. తమ దగ్గర లేనిదాన్ని రంగు కొనుక్కొచ్చి మరీ తలుపు మీద రాసుకునే లాడ్జివాళ్లు మేం తప్ప ఇంకెక్కడా ఉండరని నా నమ్మకం. వీధిలోకి ఉన్న పెద్ద బోర్డు మీద మాత్రం మావయ్య రోజుల నుంచీ రెండే మాటలు: ‘కిటికీలో సముద్రం’.

ఈ కొలతల పిచ్చి ఎలా మొదలైందో అత్తయ్య నాకు పెళ్లైన వారంలోనే చెప్పింది. లాడ్జి పెట్టిన మొదటి ఏడు, ఎక్కడో సముద్రమన్నదే లేని ఊరి నుంచి టైపు నేర్పే టీచరమ్మ ఒకావిడ వచ్చిందట. కాలికి కట్టు. ఇసుకలోకి నడవలేదు కాబట్టి మంచం మీద పడుకునే సముద్రం చూడాలని ఆవిడ కోరిక. ముందుగదులన్నీ నిండిపోయి ఉంటే, వచ్చిన మనిషిని వదులుకోలేక మావయ్య ‘మా గదులన్నిట్లోనూ సముద్రమేనండీ’ అని వెనకగదిలో దింపేశాడు. ఆ కిటికీలోంచి కనిపించేది ఊరి నీళ్ల ట్యాంకు. ఆవిడ పల్లెత్తు మాట అనలేదు. నాలుగు రోజులుండి, వెళ్లేటప్పుడు అత్తయ్య చెయ్యి పట్టుకుని, ‘అలల చప్పుడు మాత్రం బాగా వినిపించిందమ్మా’ అంది. తిట్టిపోసినా బాగుండేది అంటుంది అత్తయ్య. ఆ తర్వాత వారం రోజులు అత్తయ్య మావయ్యతో మాట్లాడలేదు, ఆయన పెట్టింది తినడమే. ఎనిమిదో రోజున అత్తయ్య ఆయన్ని గదిగదికీ తిప్పి చెయ్యి చాపించింది.

నేను కోడలిగా వచ్చేనాటికి ముందుగదులు అయిదూ రెండు చేతుల గదులే. పది వేళ్లూ అడ్డం పెట్టినా అటూ ఇటూ ఇంకా నీళ్లు మిగిలేవి. మాకూ సముద్రానికీ మధ్య ఇసుక, వలలు ఆరేసే దిబ్బ, ఒక ఐసు ఫ్యాక్టరీ, అంతే. వినడానికి ఎంతో బాగుంటుంది. ఉండి చూస్తే తెలుస్తుంది. బస్సు దిగి ఇసుకలో మైలు దూరం నడవాలి. కుళాయి రోజు విడిచి రోజు వచ్చేది, అదీ ఉప్పగా. వాన పడితే వీధి ఏదో గుంట ఏదో తెలిసేది కాదు. అందుకని ఊరు పెరగడం మొదలైనప్పుడు అందరికంటే ముందు సంబరపడిందాన్ని నేనే. కాలవలకి మూతలొచ్చాయి, దీపాలొచ్చాయి, చెప్పులు చేత్తో పట్టుకోకుండా నడిచే రోడ్డొచ్చింది. గుండుసూది నుంచి గ్యాసుపొయ్యి దాకా దొరికే పెద్ద దుకాణం వచ్చిన రోజున నేను ఏమీ కొనకుండానే రెండు గంటలు అందులో తిరిగాను. ‘పాత ఊరే బాగుండేది’ అని నిట్టూర్చేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. వాళ్లలో ఒక్కడూ ఆ ఇసుకలో నీళ్లబిందె మొయ్యలేదు.

అయితే ఊరు పెరిగినప్పుడల్లా మా వేళ్లు తరిగాయి. ఐసు ఫ్యాక్టరీ పడగొట్టి బ్యాంకు కట్టారు, మొదటిగదికి ఆరు వేళ్లు పోయాయి. దిబ్బ మీద అపార్ట్‌మెంట్లు లేచాయి, చివరిగదులు రెండూ ఒక్కసారే సన్నబడ్డాయి. మేడ లేచినప్పుడల్లా కొలత, కొలిచినప్పుడల్లా మా ఆయన పలక మీద పాత అంకె గీకేసి కొత్తది రాయడం. మా ఆయన దస్తూరి ముత్యాలకోవే గానీ, ధైర్యం పిచ్చుకంత. అంకె తగ్గించి రాసిన ప్రతిసారీ రెండు రోజులు దిగులుపడి అన్నం సరిగా తినేవాడు కాదు. అత్తయ్య మాత్రం ఎవర్నీ ఏమీ అనేది కాదు. ‘వాళ్లకీ కిటికీలు కావాలి కదమ్మాయ్’ అనేది.

మధ్యలో ఒక తమాషా జరిగింది. మావయ్య ఉన్నన్నాళ్లూ కొలిచింది ఆయనే. ఆయన పోయిన రెండు నెలలకి అత్తయ్య మొదటిసారి తన చేత్తో కొలిచింది. చూస్తే ప్రతి గదిలోనూ ఒక వేలు పెరిగింది. ఒక గదిలో రెండు కూడా పెరిగాయి. ‘ఆయన పోయాడని జాలిపడి దగ్గరికొచ్చింది చూడవే’ అని కళ్లనీళ్లు పెట్టుకుంది. నాకూ ఏడుపొచ్చింది. మా ఆయన సంతోషంగా అన్ని పలకలూ దిద్దేశాడు. పది రోజుల తర్వాత, ఏటేటా వచ్చే ఇన్సూరెన్సాయన ఒకాయన పలక చూసి, కిటికీ చూసి, అత్తయ్య చెయ్యి చూసి, ‘అమ్మా, సముద్రం ఉన్నచోటే ఉంది. మీ వేళ్లు సన్నం’ అన్నాడు. మావయ్య వేళ్లు అరటిపళ్లంత లావు. ఆ సంగతి ముగ్గురిలో ఒక్కరికీ తట్టలేదు. అత్తయ్య ఏడుస్తూ నవ్విందో, నవ్వుతూ ఏడ్చిందో గానీ, పెట్టెలోంచి మావయ్య బాయిలరు దగ్గర వాడే తోలు గ్లౌజు తీసి తొడుక్కుని మళ్లీ అన్నీ మొదట్నుంచి కొలిచింది. అప్పట్నుంచీ మా లాడ్జికి అదే కొలబద్ద.

గ్లౌజు పెట్టి కొలిచినా, చూస్తుండగానే అన్నీ హరించుకుపోయాయి. మూడు గదులు ఒకే ఏడాదిలో సున్నా అయ్యాయి. కిందటేడు అయిదోది కూడా పోయింది. మిగిలింది నాలుగో గది ఒక్కటే. బ్యాంకుకీ అపార్ట్‌మెంటుకీ మధ్య ఒక ఖాళీ స్థలం ఉండేది. ఆ సందులోంచి చిటికెన వేలంత సముద్రం నిటారుగా నిలబడి కనిపించేది. ఆ గది కోసం మనుషులు నెల ముందు నుంచీ ఫోన్లు చేసేవాళ్లు. రోడ్డు మీద పెద్ద హోటళ్లున్నాయి, లిఫ్టులున్నాయి, అయినా మా దగ్గరికి వచ్చేవాళ్లు వచ్చేవాళ్లే. ‘ఇక్కడ చెప్పింది ఉంటుంది’ అనేవాళ్లు.

ఆ గది ఒక్కటే మిగిలిన రోజున అత్తయ్య మా ఇద్దర్నీ కూర్చోబెట్టి చెప్పింది. “ఇది కూడా పోయిన రోజున వీధిలో బోర్డు దింపేద్దాం. తలుపులు మూసేద్దాం. లేనిదాన్ని ఉందని రాసుకుని కూచోను.”

“బోర్డు మార్చుకుందాం అత్తయ్యా,” అన్నాను. “శుభ్రమైన గదులు అని రాసుకుందాం. అది అబద్ధం కాదు కదా.”

“శుభ్రమైన గదులు ఊరంతా ఉన్నాయి. మన దగ్గరికి రావడానికి ఒకటే కారణం. అది పోయాక మనం దేనికి?”

అత్తయ్య అనేసిందంటే ఇక తిరుగు లేదు. దాచుకోవడం దేనికి, నాకు ఈ లాడ్జి అంటే ప్రాణం. పెళ్లికి ముందు చొక్కాల మిల్లులో రోజుకి నాలుగువందల గుండీలు కుట్టేదాన్ని. అక్కడ నన్ను నా పేరుతో పిలిచినవాళ్లు లేరు. ఇక్కడ తాళాల గుత్తి నా నడుముకి ఉంది. ఎవరికి మెత్తటి దిండు కావాలో, ఎవరు పొద్దున్నే మాట్లాడితే చిరాకుపడతారో నాకు తెలుసు. ఇది మూసేస్తే నేను మళ్లీ ఒక గుండీల మనిషినే.

అందుకే ఒక పిల్ల గది కోసం వచ్చిన రోజున నేను ఒంటికాలి మీద లేచాను. భుజాన బ్యాగు, తలమీద పసుపుపచ్చ టోపీ, పాతికేళ్లుంటాయేమో. “అక్కా, నెలల తరబడి ఉండటానికి గది కావాలి. సైటుకి దగ్గరలో. సముద్రం కనిపిస్తే ఇంకా మంచిది,” అంది.

“ఏ సైటు?”

ఆ పిల్ల కిటికీలోంచి చెయ్యి చూపించింది. సరిగ్గా బ్యాంకుకీ అపార్ట్‌మెంటుకీ మధ్య. “ఆ ఖాళీ జాగానే. తొమ్మిదంతస్తులు. నేనే ఇంజనీర్ని.”

గదులు లేవని చెప్పడానికి నేను నోరు తెరిచేలోపు అత్తయ్య లోపల్నుంచి వచ్చింది. “ఒకటుంది తల్లీ. చిటికెన వేలు. అయితే నువ్వు కట్టేకొద్దీ తగ్గుతుంది. ఫర్వాలేదా?” అని అడిగింది. పాపం, ఆ ఇంజనీరు పిల్లకి ఏమీ అర్థం కాలేదు. పైకి తీసుకెళ్లి గ్లౌజు తొడిగి చూపించాక ఆ పిల్ల మొహం ఎర్రబడింది. ఇంకెక్కడికైనా పోతానంది. అత్తయ్య పోనిస్తేనా. సైటుకి ఇంత దగ్గర్లో ఇంకెక్కడ దొరుకుతుందని తనే బ్యాగు అందుకుని లోపల పెట్టింది.

అక్కడ్నుంచి అయిదు నెలలు మా ఇంట్లో జరిగింది ఎవరికి చెప్పినా నమ్మరు. ఆ పిల్ల పొద్దున్నే మా టోస్టు తిని, మా టీ తాగి, వెళ్లి మా సముద్రానికి అడ్డం గోడ కట్టి, సాయంత్రం వచ్చి అదే గదిలో పడుకునేది. స్తంభాలు లేచినప్పుడు సముద్రం రెండు ముక్కలైంది. అత్తయ్య రెండు ముక్కలూ కలిపి ముప్పావు వేలుగా లెక్కగట్టి, అద్దె ఆ మేరకి తగ్గించింది. పరంజా కట్టినప్పుడు మళ్లీ తగ్గించింది. “వద్దు అత్తయ్యగారూ, తగ్గిస్తున్నది నేనే కదా,” అని ఆ పిల్ల తల పట్టుకునేది. “నువ్వు తగ్గించినా నేను తగ్గించినా తగ్గింది తగ్గినట్టే,” అనేది అత్తయ్య.

మొదట్లో నేను ఆ పిల్లకి టీలో చక్కెర వెయ్యడం మానేశాను. అదే నా యుద్ధం. వారానికి తనకి చక్కెర లేకుండా అలవాటైపోయి, ‘అక్కా, నీ టీ వల్ల నేను సన్నబడ్డాను’ అని నాకు థ్యాంక్స్ చెప్పింది. ఏం చెయ్యను. పైగా మంచి పిల్ల. బాత్రూముల పైపులు ఎందుకు గోల చేస్తున్నాయో చూసి, తనే సైటు నుంచి మనిషిని పంపి బాగుచేయించింది. మా ఆయన తన వంతు ఉపాయాలు తను చెప్పాడు. గోడ మీద సముద్రం బొమ్మ వేయిస్తే ఎలా ఉంటుందని ఒకరోజు, మేడ మీద ఇంకో అంతస్తు వేస్తే ఎలా ఉంటుందని ఇంకోరోజు. ఇంజనీరు పిల్ల మా పునాదులు చూసి, ‘అన్నయ్యా, దీని మీద నీళ్ల ట్యాంకు ఉండటమే గొప్ప’ అనేసింది. దాంతో మా ఆయన ఉపాయాలు ఆగిపోయాయి.

చివరికి ఒక బుధవారం మధ్యాహ్నం ఆ పిల్ల సైటు నుంచి పరిగెత్తుకుంటూ వచ్చింది. ఒళ్లంతా సిమెంటు. “అత్తయ్యగారూ, రెండో అంతస్తు గోడ ఈ పూట లేచిపోతుంది. మేస్త్రీలని టీకి పంపించాను. అరగంట ఆగుతారు. ఒకసారి చూసుకుంటారా?”

అత్తయ్య నాలుగోగదిలోకి వెళ్లి కుర్చీ వేసుకుని కూచుంది. నేను టీ ఇచ్చాను. మిగిలింది గోరంత. ఆ గోరంతలోంచి ఒక పడవ వెళ్లడానికి రెప్పపాటు కూడా పట్టలేదు. అత్తయ్య టీ తాగడం ముగించి, కప్పు నా చేతికిచ్చి, “ఇక కట్టుకోమను,” అంది. సాయంత్రానికి అక్కడ ఇటుకలు తప్ప ఏమీ లేవు. గ్లౌజు తొడిగి కొలిచే పని కూడా లేకపోయింది. మా ఆయన్ని పిలిచి, రేపు పొద్దున్నే నిచ్చెన తియ్యమంది. వంటింట్లోకి వెళ్లి నేను ఏడ్చాను. ఇంజనీరు పిల్ల కూడా వచ్చి నా పక్కన నిలబడి ఏడుస్తుంటే, కోప్పడాలో ఓదార్చాలో తెలియక మొహం కడుక్కోమని తువ్వాలు ఇచ్చాను.

అదే సాయంత్రం దీపాలు పెట్టే వేళకి ఒకాయన వచ్చాడు. యాభై దాటిన మనిషి, బొద్దుగా ఉన్నాడు, చేతిలో చిన్న సంచి. సరుకుల ఓడలో వంటవాడినని చెప్పుకున్నాడు. “సముద్రం లేని గది ఉందా అమ్మా?” అన్నాడు.

ఇన్నేళ్లలో ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. నేను గుడ్లప్పగించి చూశాను. అత్తయ్యకి నవ్వొచ్చింది. “ఇవాళ్టి నుంచి అన్నీ అవే నాయనా. నీకు కావాల్సింది ఎంచుకో.”

“పదకొండు నెలలు దాన్నే చూశానమ్మా. కూర తరుగుతుంటే అదే, గిన్నె తోముతుంటే అదే. నా చెవిలో ఇంకా ఊగుతోంది. రెండు రోజులు అది కనపడకుండా పడుకుంటే మనిషినవుతాను. మీరు తలుపు మీద ఏది రాస్తే అదేనటగా, బజార్లో చెప్పారు.” పైకెక్కి, వెనకవైపు మధ్యగది పలక మీద ‘సముద్రం లేదు’ అని ఉంటే దాన్ని వేలితో తట్టి చూసుకుని మరీ లోపలికి వెళ్లాడు. మా ఆఖరి అతిథి ఈయనన్నమాట అనుకున్నాను. రెండు రోజులూ ఉండనిచ్చి, ఆయన వెళ్లాకే తలుపులు మూద్దామని అత్తయ్య అంది. బోర్డు మాత్రం రేపే దిగాలంది.

మర్నాడు పొద్దున మా ఆయన నిచ్చెనెక్కాడు. నేను కింద పట్టుకున్నాను. ఉప్పుగాలికి మరలు తుప్పుపట్టి బిగుసుకుపోయాయి. ఒక్కటీ కదలలేదు. “గట్టిగా తిప్పండి,” అని నేనే అన్నాను, నిజానికి అవి ఎప్పటికీ ఊడకూడదని మనసులో కోరుకుంటూ. అత్తయ్య గుమ్మంలో స్టూలు మీద కూచుని, బోర్డు తుడవడానికి బట్ట పట్టుకుని ఎదురుచూస్తోంది. సైటుకి పోవాల్సిన ఇంజనీరు పిల్ల పోకుండా గోడకానుకుని నిలబడింది.

అప్పుడు మేడ మెట్లు దడదడమన్నాయి. ఓడ వంటాయన బనీనుతో, భుజాన తువ్వాలుతో కిందికి దిగాడు. మొహం కందగడ్డలా ఉంది.

“ఏమ్మా, తలుపు మీద రాసిందేంటి, లోపల ఉన్నదేంటి?” అన్నాడు. “ఊళ్లో అంతా మిమ్మల్ని మాట మీద నిలబడే మనిషి అన్నారు. నేను నమ్మి దిగాను. కిటికీ తెరిస్తే ఎదురుగా సముద్రం. లేచీ లేవగానే.”

అత్తయ్య స్టూలు మీంచి లేచి నిలబడింది. మా ఆయన నిచ్చెన మీదే ఉండిపోయాడు. “వెనకగదిలోనా?” అన్నాను నేను. “అటువైపు రోడ్డు బాబూ. సముద్రం ఇటువైపు.”

“నాకు సముద్రం గుర్తుపట్టడం నేర్పించకు తల్లీ. వచ్చి చూడు.”

అందరం పైకి పరిగెత్తాం. అత్తయ్య రెండేసి మెట్లెక్కడం నేనెప్పుడూ చూడలేదు. వెనకగది కిటికీ బార్లా తెరిచి ఉంది. ఆ వైపు నీళ్ల ట్యాంకు పడగొట్టి వంద అడుగుల కొత్తరోడ్డు వేస్తున్న ఏడాదీ దుమ్ముకి భయపడి మేం ఆ కిటికీలు తెరవడమే మానేశాం. ఆ రోడ్డు మలుపులో ఒక పెద్ద ఆఫీసు మేడ కట్టారు, దాన్ని నీలం పట్టాలతో కప్పి ఉంచేవాళ్లు. కిందటిరోజు ఆ పట్టాలు విప్పేశారు. మేడంతా అద్దాలు. ఆ అద్దాలనిండా నీళ్లున్నాయి. తెల్లటి నురగ గీతలు గీతలుగా వచ్చి పోతోంది. ఒక పడవ, దాని వెనక ఇంకో పడవ. పైన కాస్త ఆకాశం కూడా ఉంది.

“మలుపు కదా, మేడని ఐమూలగా నిలబెట్టారు,” అంది ఇంజనీరు పిల్ల మెల్లిగా. “కొత్తరోడ్డు నేరుగా సముద్రం దాకా పోతుంది. ఆ రోడ్డు చివర ఉన్న నీళ్లు అద్దాల్లో పడి ఇటు కనిపిస్తున్నాయి.”

నాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది. అత్తయ్య మాత్రం కదల్లేదు. చాలాసేపు చూసింది. “అది అద్దం,” అంది చివరికి. “అద్దంలో ఉన్నది ఉన్నట్టా? చూడు, పడవ కుడికి పోవాల్సింది ఎడమకి పోతోంది.”

“ఎటు పోతేనేం అమ్మా,” అన్నాడు వంటాయన, ఇంకా కోపంగానే. “అద్దమో రేకో నాకు తెలీదు. నేను మంచం మీద లేచి కూచున్నాను. అది కదిలింది. నా కడుపులో తిప్పింది. ముప్పయ్యేళ్ల సముద్రం నాది. ఒట్టి అద్దం చూస్తే కడుపులో తిప్పదు. నాకు ఇంకో గది ఇవ్వండి.”

అత్తయ్య మొహంలో నేనెన్నడూ చూడని కంగారు కనిపించింది. సముద్రం దొరికినందుకు కాదు. తన లాడ్జిలో దిగిన మనిషి, తలుపు మీద రాసింది నమ్మి మోసపోయానంటున్నాడు. పరుగున వెళ్లి గ్లౌజు తెచ్చింది. మంచానికి ఆనుకుని నిలబడి, చెయ్యి చాచి, కన్ను మూసింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు వేళ్లు. బొటనవేలు కూడా సగం అడ్డం పెట్టాల్సి వచ్చింది.

“నాలుగున్నర,” అంది. “ఈ పలక తప్పు. పెద్దమనిషికి అబద్ధం రాసిపెట్టాం. ముందు ఇది చెరిపెయ్యి నాన్నా.” మా ఆయన మరలు తిప్పే స్క్రూడ్రైవరుతోనే తలుపు మీది ‘లేదు’ని గీకడం మొదలుపెట్టాడు.

నాకు అప్పుడు తట్టింది. నా జన్మలో అంత మెత్తగా ఎప్పుడూ మాట్లాడలేదు. “అత్తయ్యా, ఈ పలక మీద లేదని రాయడం తప్పైతే, వీధిలో ఉందని రాయడం ఒప్పే కదా?”

అత్తయ్య నావైపు తిరిగింది. ఎటునుంచి చూసినా దారి లేదు. లేదంటే వంటాయన ఊరుకోడు, ఉందంటే బోర్డు దింపడానికి వీల్లేదు. కాసేపు గ్లౌజు వంకా, కిటికీ వంకా చూసింది.

“అద్దంలో అని రాయాలి,” అంది. “ప్రతి పలక మీదా. వీధిలో బోర్డు కింద కూడా. చిన్న అక్షరాలతో కాదు, పై అక్షరాలంత పెద్దగా.”

“బోర్డంత రాస్తానమ్మా,” అన్నాడు మా ఆయన. కళ్లు తుడుచుకోబోయి మొహమంతా పాతరంగు పులుముకున్నాడు.

“మరి రేపు ఆ అద్దానికి అడ్డంగా ఎవరైనా కడితే?” అని ఇంజనీరు పిల్ల అడిగింది. అలవాటు కొద్దీ అడిగిందే గానీ, వెంటనే నాలుక కరుచుకుంది.

“కడితే అప్పుడు కొలుద్దాం,” అంది అత్తయ్య.

వంటాయన్ని నాలుగోగదికి మార్చాం. కిటికీ తెరిచి, ఎదురుగా ఇటుకగోడ చూసుకుని, ‘ఇదీ గదంటే’ అని తృప్తిగా పడుకుని మధ్యాహ్నం దాకా లేవలేదు. ఇంజనీరు పిల్ల నవ్వలేక కడుపు పట్టుకుంది. తను కట్టిన గోడని మెచ్చుకున్న మొదటి మనిషి అతనేనట.

ఆ పూటంతా వెనకగదులు ఒక్కొక్కటే దుమ్ము దులిపి, కిటికీలు తెరిచి కొలుచుకుంటూ పోయాం. మొదటిది మూడు. మధ్యది నాలుగున్నర. మూడోది అయిదు, ఇంకా కాస్త. ఆ వరసలో చివరిది తొమ్మిదో గది. అందులో అత్తయ్య మంచం, ఆవిడ పెట్టె, ఆవిడ కళ్లజోడు ఉంటాయి. లాడ్జి పెట్టిన రోజున, సముద్రం ఉన్న గదులన్నీ వచ్చేవాళ్లకి ఇచ్చేసి, ఎవరూ అడగరని ఆ మూల గది తాము ఉంచుకున్నారు మావయ్యా ఆవిడా. ముప్పయ్యారేళ్లు నీళ్ల ట్యాంకు వైపు తిరిగి పడుకుంది. రోజూ పది మందికి సముద్రం చూపించిన మనిషికి తన మంచం మీంచి అది ఎలా ఉంటుందో తెలీదు. ఈ సంగతి ఇన్నేళ్లుగా నా కళ్లముందే ఉంది, నేను ఒక్కసారీ ఆలోచించలేదు. నామీద నాకే సిగ్గేసింది.

మూసి ఉన్న కిటికీని తోశాను. ఒక రెక్క బిగుసుకుపోయి ఉంది, ఒకటే తెరుచుకుంది. ఆ ఒక్క రెక్కలోంచే అద్దాల మేడ మూడొంతులు కనిపించింది. అన్ని గదుల్లోకీ ఎక్కువ సముద్రం ఇక్కడే. అత్తయ్య కళ్లు మిలమిలలాడాయి. గ్లౌజు ఎత్తింది.

“ఇది రెండు చేతుల గది అమ్మాయ్,” అంది, గబగబా లెక్కలేసుకుంటూ. “నా మంచం కిందికి దింపి వంటింటి పక్కన వెయ్యి. రేపట్నుంచి దీన్ని ఇచ్చేద్దాం. ఇన్సూరెన్సాయన ఫోను చేస్తే ఇదే చెప్పు. ఎగిరి గంతేస్తాడు.”

నేను ఆవిడ చేతి నుంచి గ్లౌజు లాగేసుకున్నాను. పద్దెనిమిదేళ్లలో మొదటిసారి అత్తయ్యకి ఎదురు చెప్పాను. “ఇది ఇవ్వం,” అన్నాను. “కొలవం కూడా.”

“అదేంటి, ఇంత సముద్రాన్ని ఊరికే ఉంచుకుంటామా?”

“ఊరికే కాదు. మీరుంటారు.”

అత్తయ్య నాతో వాదించడానికి నోరు తెరిచింది. గుమ్మంలోంచి మా ఆయన రంగుడబ్బా పట్టుకుని తల లోపలికి పెట్టి, “ఈ తలుపు మీద ఎన్ని వేళ్లని రాయమంటారు?” అన్నాడు. “ఏమీ రాయకండి,” అన్నాను. నా గొంతు విని అతను వెళ్లిపోయాడు. అత్తయ్య మంచం అంచున కూచుంది. తర్వాత కాళ్లు పైకి ముడుచుకుంది. దిండుని గోడకి ఆనించి, దానికి వీపు ఆనించి, చేతులు ఒళ్లో పెట్టుకుంది. ఆవిడ కళ్లలోంచి నీళ్లు కారుతున్నా తుడుచుకోలేదు.

“ఆ రెండో రెక్క కూడా తియ్యమ్మాయ్,” అంది. “గట్టిగా తోస్తే వస్తుంది.”